తొలి విమానం: వీరగాథా? శ్రమచరిత్రా?

విమానం ఎట్లా పుట్టిందో తేల్చవలసినవాడు చరిత్రకారుడు. ఆ పుట్టుకను మనకు ఎవరు చెబుతున్నారు, ఏ తీరున చెబుతున్నారు, ఎవరిని చెప్పకుండా వదిలేస్తున్నారు అన్నవి మాత్రం సాహిత్య విమర్శకుడికి చెందిన ప్రశ్నలు. జీవితచరిత్ర ఒక సాహిత్య ప్రక్రియ. నవల సంగతి చెప్పనే అక్కరలేదు. ఉపన్యాసం, ఉత్తరం, పత్రికావ్యాసం, చివరకు ప్రదర్శనశాలలో వస్తువు పక్కన అట్టమీద రాసిపెట్టే నాలుగు వాక్యాలు కూడా రచనలే. వాటిలో కర్త ఎవరు, కర్మ ఏది, క్రియ ఎవరిది అని తెలుగు పంతులు బుద్ధితో విడదీసి చూస్తే కొన్ని విషయాలు బయటపడతాయి. ఈ వ్యాసంలో నేను చేయబోయేది ఆ పనే.

పాఠ్యపుస్తకాల కథ అందరికీ తెలిసిందే. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు డేటన్ పట్టణంలో సైకిళ్ల దుకాణం పెట్టుకున్న ఇద్దరు అన్నదమ్ములు, విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. కాలేజీ పట్టాలు లేవు. 1903 డిసెంబరు 17న నార్త్ కరొలినా సముద్రతీరంలో, కిల్ డెవిల్ హిల్స్ అనే ఇసుకదిబ్బల దగ్గర, ఆర్విల్ 12 సెకన్లపాటు 120 అడుగులు ఎగిరాడు. ఆనాటి నాలుగో ప్రయత్నంలో విల్బర్ 59 సెకన్లపాటు 852 అడుగులు ఎగిరాడు. పట్టుదల ఉంటే సామాన్యుడు సాధించలేనిది లేదని చివర నీతి. ఈ కథలో అబద్ధమేమీ లేదు. లేకపోయినా ఇది నిజం కూడా కాదు. ఎందుకంటే "ఎగిరారు" అన్న క్రియకు కర్తలు దొరికారు గాని, "ఎగిరించారు" అన్న క్రియకు కర్తల్ని వెతికే పని ఈ కథ పెట్టుకోలేదు. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' చదివిన విద్యార్థికి ఈ ప్రశ్న కొత్తది కాదు. రాజుల కోటల విషయంలో అడిగిన ప్రశ్నను యంత్రాల విషయంలో అడగడానికి మాత్రం మనకింకా అలవాటు కాలేదు.

1

మొదట వస్తుస్థితి చూద్దాం. ఎగరాలన్న కోరిక మనిషికి వేల ఏళ్లనాటిది. మరి ఆ కోరిక 1803లో కాక 1903లోనే ఎందుకు నెరవేరింది? ప్రతిభ ఒక్కటే కారణమైతే ఇంగ్లండులో జార్జి కేలీకి అది తక్కువా? స్థిరమైన రెక్క, వేరే చోదకశక్తి, వెనక తోక అన్న విమాన స్వరూపాన్ని 1799లోనే ఆయన వెండి బిళ్ల మీద చెక్కి చూపాడు. ఆయనకు లేనిది బుద్ధి కాదు, ఇంజను. తేలికైన పెట్రోలు ఇంజను 1880 తరువాతి దశకాల్లో గాని రాలేదు. చౌకగా అల్యూమినియం తీసే పద్ధతి 1886లో గాని దొరకలేదు. 1890 అక్టోబరులో ఫ్రాన్సులో క్లెమెంట్ అదేర్ ఆవిరి యంత్రంతో నేలమీదినుంచి లేచి సుమారు 50 మీటర్లు గంతు వేశాడు గాని, దాన్ని అదుపులో పెట్టే సాధనం ఆయన దగ్గర లేదు.

ఆ అదుపు సంగతి నేర్పినవాడు జర్మన్ ఇంజనీరు ఆటో లిలియెంతాల్. ఆయన ఇంజను లేని గ్లైడర్ల మీద రెండువేల సార్లకు పైగా కొండ దిగువకు తేలివచ్చి, 1896 ఆగస్టులో పడి మరణించాడు. ఆయన లెక్కల పట్టికలు, చికాగో ఇంజనీరు ఆక్టేవ్ షనూట్ 1894లో ప్రచురించిన సంకలన గ్రంథం, ఆ రోజుల్లో ఊరూరా పెరిగిన సైకిళ్ల పరిశ్రమ ఇచ్చిన గొలుసులు, పళ్లచక్రాలు, ఉక్కు గొట్టాలు, సన్నపని నేర్చిన చేతులు ఇవన్నీ ఒకచోట కలిసిన తరువాతనే విమానం పుట్టింది. రైట్ల విమానంలో ప్రొపెల్లర్లను తిప్పినవి గొలుసులే. సైకిలు దుకాణం వాళ్ల పేదరికానికి గుర్తు కాదు. అప్పటి ఉత్పత్తి శక్తులు ఎక్కడిదాకా వచ్చాయో చూపే గుర్తు అది.

దీనికి ఎదురుగా శామ్యూల్ లాంగ్లీ కథ ఉన్నది. ఆయన స్మిత్సోనియన్ సంస్థకు అధిపతి. 1896లో ఆయన చేసిన మనిషి లేని ఆవిరి నమూనా అర మైలుకు పైగా ఎగిరింది. స్పెయినుతో యుద్ధం వచ్చిన 1898లో అమెరికను యుద్ధశాఖ ఆయనకు 50,000 డాలర్లు ఇచ్చింది. ఆయన సహాయకుడు చార్లెస్ మాన్లీ తయారుచేసిన ఇంజను 52 అశ్వశక్తులది. రైట్లది సుమారు 12. ఐనా 1903 అక్టోబరు 7న ఒకసారి, డిసెంబరు 8న మరొకసారి లాంగ్లీ యంత్రం పొటోమాక్ నదిలో కూలింది. రైట్లకు ప్రయాణాలతో సహా వెయ్యి డాలర్లు కూడా ఖర్చు కాలేదు. దీన్నిబట్టి ప్రభుత్వ ధనం ఓడింది, సొంత పూనిక గెలిచింది అని అమెరికను రచయితలు నీతి తీస్తారు. వాళ్లు ఒక్క సంగతి మరిచిపోతారు. 1899 మే 30న విల్బర్ ఉత్తరం రాసి, ఎగరడం గురించి అచ్చైన సమాచారం పంపమని అడిగింది ఆ స్మిత్సోనియన్ సంస్థనే. ప్రజల సొమ్ముతో నడిచే ఆ సంస్థ ముక్కూమొగం తెలియని సైకిళ్ల వ్యాపారికి కరపత్రాలూ, చదవవలసిన పుస్తకాల పట్టికా పంపించింది. సొంత పూనికకు పునాది సార్వజనికమైన జ్ఞానమే.

2

రైట్ల రచనలను సాహిత్యంగా ఎవరూ చదవరు. నేను చదవమంటాను. 1899 నాటి ఆ ఉత్తరంలో విల్బర్ తనను ఆవిష్కర్తగా చెప్పుకోలేదు. ఇంతవరకు తెలిసినదంతా తెలుసుకుని, చేతనైతే తన వంతు కొంచెం చేర్చి, చివరి విజయం సాధించబోయే రేపటి పనివాడికి అందించాలని తన కోరిక అన్నాడు. విజయం సాధించేది తానే అని కూడా అనలేదు. తన ముందువాళ్లకూ తన తరువాతివాళ్లకూ నడుమ తనను నిలుపుకున్న వినయం ఆ ఉత్తరంలో ఉన్నది.

1901 సెప్టెంబరులో చికాగోలో ఇంజనీర్ల సభ ముందు ఆయన చేసిన ప్రసంగం ఇంకా గొప్పది. మొరాయించే గుర్రాన్ని లొంగదీయడానికి రెండు దారులున్నాయట. ఎక్కి కూర్చుని దెబ్బలు తిని నేర్చుకోవడం ఒకటి. గోడమీద కూర్చుని చూసి, ఇంటికి వెళ్లి లెక్కలు వేసుకోవడం రెండోది. రెండోది క్షేమమే గాని, మంచి రౌతులు తయారయ్యేది మొదటి దారిలోనే అంటాడు. అక్కడే మరొక లెక్క చెబుతాడు. లిలియెంతాల్ ఐదేళ్లు శ్రమించినా, నిజంగా గాలిలో గడిపిన కాలమంతా కలిపితే సుమారు ఐదు గంటలేనట. సిద్ధాంతానికీ ఆచరణకూ ఉన్న సంబంధాన్ని ఇంత సూటిగా, ఇంత ఇంటిమాటలతో చెప్పిన వచనం తత్త్వశాస్త్ర గ్రంథాల్లో అరుదు.

ఆచరణను పొగిడి ఊరుకోలేదు వాళ్లు. 1901 గ్లైడరు లెక్కప్రకారం ఎత్తవలసిన బరువులో మూడోవంతే ఎత్తింది. అప్పుడు వాళ్లు పాత పట్టికలను అనుమానించారు. ఆరడుగుల చెక్కపెట్టెకు ఒక చివర పంకా పెట్టి గాలి సొరంగం చేసుకుని, సుమారు 200 రెక్కల ఆకారాలను పరీక్షించారు. 18వ శతాబ్దం నుంచి అందరూ 0.005 అని నమ్ముకుంటూ వచ్చిన గాలి ఒత్తిడి గుణకం నిజానికి సుమారు 0.0033 అని తేల్చుకున్నారు. ఆప్తవాక్యమని నమ్మక కొలిచి చూడడం అంటే ఇదే. ప్రొపెల్లరు విషయంలో అన్నదమ్ములు గంటల తరబడి గట్టిగా వాదించుకుని, చివరకు ఒకరి వాదంలోకి మరొకరు మారిపోయి మళ్లీ వాదించుకునేవారని వాళ్లే చెప్పుకున్నారు.

ఎగిరిన నాటి సాయంత్రం తండ్రికి కొట్టిన తంతిలో గాలి వేగం ఉన్నది, చదును నేల నుంచి ఇంజను శక్తితోనే లేచామన్న మాట ఉన్నది, అన్నిటికన్న ఎక్కువసేపు ఎగిరిన లెక్క ఉన్నది. చరిత్ర, మానవజాతి, విజయభేరి వంటి మాటలు ఒక్కటీ లేవు. తంతి తప్పుపడి 59 సెకన్లు 57 అయినాయి. పదేళ్లకు, 1913లో, ఆర్విల్ ఒక విమాన పత్రికలో ఆ రోజును వర్ణించాడు. అక్కడ ఉన్న ఐదుగురు సాక్షుల పేర్లూ చెప్పాడు. ముగ్గురు సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడే తీరరక్షణ కేంద్రపు ఉద్యోగులు, డేనియల్స్, డౌ, ఎథరిడ్జి. నాలుగోవాడు మాంటియో ఊరి బ్రింక్లీ, ఐదోవాడు నాగ్స్ హెడ్ ఊరి కుర్రవాడు జానీ మూర్. లోకమంతా చూసిన ఆ ప్రసిద్ధ ఛాయాచిత్రం తీసిన చెయ్యి డేనియల్స్‌ది. కెమెరాను గురిపెట్టి ఉంచినవాడు ఆర్విల్, మీట నొక్కినవాడు కడలి కూలీ.

ఐతే ఆ ఛాయాచిత్రంలో ఇంకొకడున్నాడు, కనబడడు. ఇంజను చేసినవాడు చార్లీ టేలర్. 1901లో రైట్లు వారానికి 18 డాలర్ల జీతానికి దుకాణంలో పెట్టుకున్న మెకానిక్కు అతను. వాళ్లు గ్లైడర్లతో సముద్రతీరానికి పోయినప్పుడు దుకాణం నడిపి, వాళ్ల ఖర్చులకు రాబడి తెచ్చినవాడు అతనే. మోటారు కంపెనీలు తేలికైన ఇంజను ఇవ్వలేకపోయినప్పుడు, కాగితం ముక్కల మీద గీసిన బొమ్మలు చూసి, లేతు మిషను, డ్రిల్లింగు మిషను తప్ప మరేమీ లేని దుకాణంలో, ఆరు వారాల్లో నాలుగు సిలిండర్ల ఇంజను తయారుచేశాడు. దాని అల్యూమినియం పెట్టె డేటన్‌లోని ఒక పోత కర్మాగారంలో పోసింది. ఆ పోత పోసిన పనివాళ్ల పేర్లు ఏ కథలోనూ లేవు.

3

పని జరిగినంతకాలం రైట్ల వచనం మాట్లాడిన భాష ఒకటి. పని సరుకైన తరువాత మాట్లాడిన భాష మరొకటి. 1905 అక్టోబరు 5న విల్బర్ డేటన్ దగ్గరి హఫ్‌మన్ పచ్చికబయలు మీద 24 మైళ్లు ఎగిరాడు. ఆ తరువాత రెండున్నరేళ్లు ఆ అన్నదమ్ములు నేల విడువలేదు. యంత్రాన్ని దాచిపెట్టి, అమెరికా, బ్రిటను, ఫ్రాన్సు, జర్మనీ ప్రభుత్వాలతో బేరాలు సాగించారు. చూపించకుండా కొనమన్నారు. చూడకుండా కొనమని ప్రభుత్వాలు అన్నాయి. వాళ్లు ఎగరడాన్ని కళ్లారా చూసి తొలిసారి పత్రికలో రాసినవాడు ఏమాస్ రూట్ అనే తేనెటీగల వ్యాపారి. 1905 జనవరిలో తేనెటీగల పెంపకానికి సంబంధించిన తన పత్రికలోనే రాశాడు. 'సైంటిఫిక్ అమెరికన్' వంటి పత్రిక మరుసటి ఏడు కూడా ఇదంతా కట్టుకథేమో అని అనుమానపడింది. శాస్త్రజ్ఞానం రహస్యమైతే శాస్త్ర పత్రిక గుడ్డిదవుతుంది.

1906 మే 22న పేటెంటు వచ్చింది. 1909లో వాండర్‌బిల్ట్, బెల్మాంట్ వంటి కోటీశ్వరుల పెట్టుబడితో పది లక్షల డాలర్ల మూలధనం ప్రకటించి రైట్ కంపెనీ పెట్టారు. గ్లెన్ కర్టిస్ మీద, మరెందరిమీదనో దావాలు నడిచాయి. షనూట్ ముసలివాడు. ఈ అన్నదమ్ములను మొదటినుంచీ ప్రోత్సహించి, ఊళ్లూ దేశాలూ తిరిగి అందరి ప్రయోగాలూ అందరికీ చేరవేసినవాడు. 1910 జనవరిలో ఆయనకూ విల్బర్‌కూ నడిచిన ఉత్తరాలు చదవదగ్గవి. రెక్కల కొసలు మెలితిప్పే ఊహ ఇతరులకూ ఇదివరకే ఉన్నదనీ, సంపద మీది ఆశ మీ వివేకాన్ని పెడదారి పట్టిస్తున్నదనీ షనూట్ రాశాడు. ప్రపంచం మాకు అప్పుపడింది, న్యాయంగా రావలసినదే అడుగుతున్నామని విల్బర్ వాదించాడు. ఆ ఏడాది నవంబరులో షనూట్ చనిపోయాడు. రేపటి పనివాడికి అందించాలని పదకొండేళ్ల కిందట రాసిన చెయ్యే ఈ ఉత్తరాలూ రాసింది. ఇది విల్బర్ గుణదోషాల విషయం కాదు. జ్ఞానానికి కంచె కట్టే వ్యవస్థలో ఎంత నిజాయితీపరుడైన పనివాడికైనా పట్టే గతి ఇది. విల్బర్ 1912 మే 30న టైఫాయిడ్‌తో, 45 ఏళ్లకే మరణించాడు. 1917లో యుద్ధావసరానికి ప్రభుత్వం పూనుకొని కంపెనీలన్నిటి పేటెంట్లనూ ఒక సంఘంలో కలిపించేదాకా ఆ కంచె కూలలేదు.

ఆ కంపెనీ నడిపిన ప్రదర్శన దళం సంగతి జీవితచరిత్రల్లో ఒక మూలకు పోతుంది. ఊరూరా తిరునాళ్లలో ఎగిరి చూపే విమానచోదకులకు వారానికి 20 డాలర్లు, ఎగిరిన రోజుకు 50 డాలర్లు కూలి. కంపెనీకి యంత్రానికి రోజుకు వెయ్యి డాలర్ల వసూలు. రాల్ఫ్ జాన్‌స్టన్ 1910 నవంబరులో, ఆర్చ్ హాక్సీ డిసెంబరు 31న పడి చనిపోయారు. మరుసటి ఏడు కంపెనీ ఆ దళాన్ని ఎత్తివేసింది.

4

ఇప్పుడు జీవితచరిత్రలకు వద్దాం. ఫ్రెడ్ కెల్లీ 1943లో ప్రచురించిన రైట్ల చరిత్రకు ఆర్విల్ ఆమోదముద్ర ఉన్నది. కథానాయకుడే సరిచూసిన కథ అది. డేవిడ్ మెకల్లా 2015లో రాసిన పుస్తకం దానికన్న చాలా మెరుగు. ఆయన వచనం హాయిగా సాగుతుంది. కుటుంబం ఉత్తరాలన్నీ చదివాడు. లాటిన్ పంతులమ్మగా పనిచేసి, 1908లో విమానం కూలి గాయపడిన ఆర్విల్‌కు సేవ చేయడానికి ఉద్యోగం వదులుకున్న చెల్లెలు కాథరిన్‌కు తగిన చోటు ఇచ్చాడు. టేలర్ పేరు దాచలేదు. ఇదంతా ఒప్పుకొని తీరాలి. ఐనా ఆ పుస్తకపు శిల్పమే ఒక తీర్పు చెబుతున్నది. 1910 దాకా కథ నిదానంగా, అధ్యాయాల కొద్దీ నడుస్తుంది. కంపెనీ, దావాలు, కంచెలు ఉపసంహారంలోకి పోతాయి. నాయకుడి సద్గుణాల వల్ల విజయం వచ్చిందని చూపే పుస్తకానికి విజయం తరువాతి చరిత్ర అడ్డం వస్తుంది. రచయిత ఏమి నమ్ముతున్నాడో తెలియాలంటే ఏమి చెప్పాడని కాదు, ఎక్కడ ఆపాడని చూడాలి.

టేలర్ తన కథ తాను చెప్పుకున్నది ఒక్కసారి, 1948లో ఒక వారపత్రికకు, అదీ మరొకరి చేతిరాతతో. రెండో ప్రపంచయుద్ధానికి ముందు లాస్ ఏంజిలస్ విమాన కర్మాగారంలో, తన తోటివాళ్లెవరికీ తానెవరో తెలియకుండా, కూలికి పనిచేశాడు. 1955లో ధర్మాసుపత్రిలో ఉన్నాడని తెలిసి విమాన పరిశ్రమవాళ్లు చందాలు పోగుచేశారు. 1956 జనవరి 30న మరణించాడు. ఎనిమిదేళ్ల కిందట ఆర్విల్ పోయింది కూడా జనవరి 30నే. ఒకరికి జాతి నివాళి, ఒకరికి చందా. ఈ రెండు మరణాలనూ పక్కపక్కన పెట్టి రాసే జీవితచరిత్ర నా కంటికి ఇంకా కనబడలేదు.

మొదట చెప్పిన ప్రదర్శనశాల అట్టముక్క సంగతి ఇక్కడ చెప్పాలి. 1914లో కర్టిస్ లాంగ్లీ యంత్రాన్ని ఎన్నో మార్పులు చేసి కొద్దిగా ఎగిరించాడు. మనిషిని మోసి ఎగరగల తొలి యంత్రం లాంగ్లీదేనని స్మిత్సోనియన్ అట్ట రాసిపెట్టింది. మండిపడిన ఆర్విల్ తన విమానాన్ని 1928లో లండను పంపేశాడు. 1942లో స్మిత్సోనియన్ తన మాట వెనక్కి తీసుకుంది. 1948లో విమానం తిరిగివచ్చింది, ఒక్క డాలరు వెలకు. రైట్ల విమానానికి ముందు మరొకటి ఎగిరిందని ఆ సంస్థ ఎన్నడైనా అంగీకరిస్తే విమానం వారసులకు తిరిగి పోతుందని ఒప్పందంలో షరతు ఉన్నది. రైట్ల ప్రథమత్వం నాకు అనుమానం లేని విషయం. కాని నిజాన్ని క్రయపత్రంలో షరతుగా రాయించుకోవలసి రావడం నిజానికే అవమానం.

5

అమెరికాలో విమానం సరుకైతే ఇటలీలో అది మతమైంది. 1909 ఫిబ్రవరిలో మారినెట్టి ప్రకటించిన భవిష్యద్వాదం యంత్రాన్నీ వేగాన్నీ యుద్ధాన్నీ ఒకే గుక్కలో కీర్తించింది. 1910లో దానుంజియో రాసిన విమాన నవలలో నాయకుడు పావోలో తార్సిస్ సముద్రం మీదుగా ఒంటరిగా ఎగిరిపోతాడు. ఆకాశం, నాయకుడు, మృత్యువు తప్ప అక్కడ మరేమీ ఉండదు. ఇంజను తుడిచే గుడ్డ, నూనె చేతులు ఆ శైలికి అంటరానివి. ఈ సౌందర్యవాదపు ఫలితం తెలుసుకోవడానికి ఎంతోకాలం పట్టలేదు. 1911 నవంబరు 1న లిబియాలో ఇటలీ సైన్యపు విమానచోదకుడు గావొట్టి చేతితో బాంబులు జారవిడిచాడు. విమానం నుంచి వేసిన తొలి బాంబులు అవే. ఎనిమిదేళ్లలో ఇసుకదిబ్బ నుంచి వలస యుద్ధానికి! ఆ యుద్ధాన్ని దానుంజియో గీతాలల్లి పొగిడాడు, మారినెట్టి అక్కడికి విలేకరిగా పోయి పొగిడాడు. శ్రమను చూడడానికి నిరాకరించిన కన్ను రక్తాన్ని చూడడానికి కూడా నిరాకరించింది.

అదే ఇటలీలో, 1909 సెప్టెంబరులో బ్రెషియా విమానోత్సవానికి ఒక యువకుడు ప్రేక్షకుల్లో కూర్చుని చూశాడు. ప్రాగ్ నగరపు గుమాస్తా ఫ్రాంజ్ కాఫ్కా. ఆ నెలాఖరులో 'బొహేమియా' అనే దినపత్రికలో ఆయన రాసిన చిన్న వ్యాసాన్ని దానుంజియో నవల పక్కన పెట్టి చదవాలి. జూలై 25న ఇంగ్లీషు కాలువ దాటి లోకప్రసిద్ధుడైన బ్లెరియో అక్కడున్నాడు. కాఫ్కా చూపు మాత్రం కదలనంటున్న ఇంజను మీదా, ప్రొపెల్లరు రెక్క పట్టుకుని ఒకరి తరువాత ఒకరు తిప్పే పనివాళ్ల మీదా, ఎదురుచూపు మీదా నిలిచింది. గొప్పవారి వరసలో దానుంజియోను కూడా చూశాడు, చిన్నగా కనబడ్డాడని రాశాడు. కాఫ్కాను మన విమర్శకులు కొందరు నిరాశావాది అని పక్కనబెట్టారు. వాస్తవికత అంటే ఏమిటో ఈ వ్యాసంలో మాత్రం ఆయనే మనకు నేర్పుతున్నాడు.

ఇంగ్లండులో వెల్స్ 1908లోనే 'గాలిలో యుద్ధం' అన్న నవల రాశాడు. యంత్రరహస్యాన్ని ప్రభుత్వానికి పెద్ద వెలకు అమ్మజూపే ఆవిష్కర్త బటరిడ్జి, ఆ రహస్యం అనుకోకుండా చేతబడిన సైకిలు దుకాణపు కుర్రవాడు బర్ట్ స్మాల్‌వేస్, న్యూయార్కు మీద బాంబులు వేసే జర్మను వాయునౌకలు. పాత్రలు బొమ్మల్లా ఉంటాయి, శిల్పం వదులు. కాని సరుకైన ఆవిష్కరణ యుద్ధంలోనే తేలుతుందని గావొట్టికి మూడేళ్లు ముందుగా చెప్పిన నవల అది.

6

రైట్లకు పోటీగా చాలామంది అభ్యుదయవాదులు బ్రెజిల్ దేశస్థుడు శాంతోస్ డుమాంట్‌ను నిలుపుతారు. 1906లో పారిస్‌లో అందరి కళ్లముందు ఎగిరాడు. 1901లో వాయునౌకతో ఈఫిల్ గోపురాన్ని చుట్టివచ్చి గెలిచిన బహుమతిని తన పనివాళ్లకూ పారిస్ బీదలకూ పంచాడు. 'డెమోజెల్' అన్న తన చిన్న విమానానికి పేటెంటు తీసుకోక నమూనాలు అందరికీ ఇచ్చాడు. విమానాలను యుద్ధంలో వాడవద్దని నానాజాతి సమితిని వేడుకున్నాడు. 1932లో స్వదేశంలో అంతర్యుద్ధం నడుస్తున్నప్పుడు ఆత్మహత్య చేసుకున్నాడు. గౌరవించదగ్గ మనిషి. ఐతే ఆయన దానగుణానికి వెనక తండ్రి కాఫీ తోటల సంపద ఉన్నది, ఆ తోటల్లో చెమటోడ్చినవాళ్లున్నారు. ఒక వీరుణ్ణి దించి మరొక వీరుణ్ణి ఎక్కించడం విమర్శ కాదు.

ఇంకొక మాట నిష్కర్షగా చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధం తరువాతి సంవత్సరాల్లో సోవియట్ ప్రచురణలు తొలి విమానం మొజాయిస్కీదని ప్రచారం చేశాయి. 1880 దశకంలో ఆ రష్యను నౌకాధికారి ఆవిరి విమానం కట్టిన మాట నిజం. అది వాలుబల్ల మీదినుంచి జారి కొద్దిగా గంతు వేసి ఉండవచ్చు. ఆ ఇంజన్లకు దాన్ని ఎగిరించే శక్తి లేదని ఆ తరువాత సోవియట్ పరిశోధకులే గాలి సొరంగంలో తేల్చారు. మన శిబిరం చెప్పింది గనుక నిజమనడం శాస్త్రీయ దృక్పథం కాదు. జాతిగర్వం ఎర్ర చొక్కా తొడుక్కున్నా జాతిగర్వమే.

ఇంటి సంగతీ చెప్పుకుందాం. "మనవాళ్లు ఎప్పుడో ఎగిరారు కదండీ" అని తరగతిలో అడిగే విద్యార్థి ఏటా ఉంటాడు. అతని చేతిలో ఉన్న ఆధారం 'వైమానిక శాస్త్రం'. భరద్వాజ మహర్షిదనీ, దివ్యప్రేరణతో పండిత సుబ్బరాయశాస్త్రి 1918 - 1923 మధ్య చెప్పగా రాసుకున్నదనీ అంటారు. బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థకు చెందిన ఐదుగురు పరిశోధకులు 1974లో దాన్ని పరిశీలించి, అది 20వ శతాబ్దపు తొలి దశకాలదేననీ, అందులోని యంత్రాలు ఎగరలేవనీ తేల్చారు. నాకు పుష్పకం మీద ద్వేషం లేదు. రామాయణ కవి కల్పనగా అది మహోన్నతం. కవికి ఇంజనీరు యోగ్యతాపత్రం అవసరం లేదు. కాని దివ్యప్రేరణతో వచ్చిన యంత్రంలో పోత పోసినవాడు ఉండడు, కూలి పడినవాడు ఉండడు, పట్టిక తప్పని కొలిచి చూసినవాడు ఉండడు. ఇటలీలో వీరుడి సంకల్పం, అమెరికాలో కుటుంబ సద్గుణం, మన దగ్గర మహర్షి దివ్యదృష్టి. మూడు చోట్లా ఖాళీ అయిన పీఠం ఒక్కటే, అది శ్రమది.

7

ఐతే సాహిత్యంలో ఆ పీఠానికి ఎవరూ తిరిగి ప్రాణం పోయలేదా? పోశారు. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటాడు. రెండేళ్లకు జర్మనీలో బ్రెహ్ట్ దాని మీద రేడియో నాటిక రాశాడు. అందులో ఎగిరేవాడు తన యంత్రాన్ని శాన్ డియాగోలో ఏడుగురు కట్టారనీ, వాళ్లతో కలిపి ఎగిరేది తామెనిమిది మందిమనీ చెప్పుకుంటాడు. దానుంజియో నాయకుడి ఏకాంతాన్ని బద్దలుకొట్టిన మాట అది. లిండ్‌బర్గ్ 1938లో నాజీ మంత్రి గోరింగ్ చేతిమీదుగా పతకం తీసుకున్నాడు. 1950 ప్రాంతంలో బ్రెహ్ట్ నాటిక నుంచి అతని పేరు కొట్టేసి 'సముద్రం మీద ప్రయాణం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ పని సబబే. ఐనా ఒక లోటు చెప్పక తప్పదు. పేరు పోయినవాడి పేరు అందరికీ తెలుసు. ఆ ఏడుగురికి మాత్రం నాటికలో లెక్కే ఉన్నది, పేర్లు లేవు.

అభ్యుదయ రచయిత యంత్రాన్ని ఎట్లా రాయాలి అన్న ప్రశ్నకు ఇక్కడ కొంత జవాబు దొరుకుతున్నది. యంత్రాన్ని రాక్షసి అని తిట్టడమూ, దేవత అని కొలవడమూ రెండూ తేలిక. దాన్ని చేసిన పనిని రాయడం కష్టం, ఎందుకంటే ఆ పని తెలిసి ఉండాలి. మన కవులు విద్యుత్తు మీద, ఆనకట్టల మీద, రాకెట్ల మీద రాసిన గేయాల్లో శంఖారావాలు ఎక్కువ, కొలతలు తక్కువ. విల్బర్ 1901 ప్రసంగంలోని గుర్రాన్ని, కాఫ్కా చూసిన ప్రొపెల్లరు పట్టిన చేతుల్ని, టేలర్ కాగితం ముక్కల్ని గుర్తుపెట్టుకున్న రచయితకు ఆ శంఖం అవసరముండదు.

విద్యార్థి మిత్రులు ఈసారి ఏ ఆవిష్కర్త జీవితచరిత్ర చదివినా, పుస్తకం అట్టమీది పేరు చూసి ఆగక, జీతాల పట్టీ ఎక్కడ ఉందని వెతకండి. ఆర్విల్ 1913లో తీరరక్షకుల పేర్లు రాయడానికి రెండు వాక్యాలు చాలాయి. మనకు అన్నికూడా అక్కరలేదు. "ఇంజను చార్లీ టేలర్ చేశాడు" అన్న ఒక్క వాక్యం మన పాఠ్యపుస్తకాల్లో చేర్చితే, పన్నెండు సెకన్ల కథ వెనక ఉన్న అసలు చరిత్రకు తలుపు తెరుచుకుంటుంది.